తండ్రికి అక్షరం లేని హాజరు పట్టీ

ఇరవై ఏళ్ళకు పైగా నా ఉద్యోగం ఇతరుల రోజులకు అక్షరాలు పెట్టడం. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో అల్యూమినియం కిటికీలు, తలుపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి నేను టైమ్‌కీపర్ని. గేటు పక్కన రేకుల క్యాబిన్. అందులో ఒక బల్ల, మూలిగే ఏసీ, నేను. పనికి వచ్చినవాడికి పి. వారం సెలవుకి ఓ. ఊరికి పోయినవాడికి వి. డాక్టర్ చీటీ తెచ్చినవాడికి ఎస్. ఈ నాలుగింటిలో దేనికీ పట్టనివాడికి ఏ, అదీ ఎర్ర సిరాతో. వేలిముద్ర మిషన్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. నేను మాత్రం ముందు కాగితం మీద పెట్టి, తర్వాతే కంప్యూటర్‌కి ఎక్కిస్తాను. ఎక్కడ పెట్టినా అక్షరాలు అవే.

ఆ ఎర్ర ఏ గురించి నాకు చాలా గుర్తున్నాయి. ఒకడు నొప్పులు పడుతున్న భార్యను ఆసుపత్రిలో చేర్చి, పొద్దున బస్సు అందుకోలేకపోయాడు. ఏ పెట్టాను. ఇంకొకడికి నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు, అద్దాల పెట్టెలో ఉంచారు. ఆ అద్దం ముందు రెండు రోజులు నిలబడ్డాడు. రెండు ఏలు. తాగి పడుకున్నవాడికీ, బిడ్డను కాచుకున్నవాడికీ ఒకటే అక్షరం. పైవాళ్ళు పెట్టమన్నారు కాబట్టి పెట్టానని నేను తప్పించుకోను. ఇంకో అక్షరం కావాలని అడిగే నోరు నాకు అప్పుడూ ఉంది. అడగలేదు.

ఆరో తరగతితో నా బడి ఆగిపోయింది. ఈ దేశానికి తాపీమేస్త్రీల దగ్గర సిమెంటు మాలు మోయడానికి వచ్చాను. ఇంగ్లీషు సిమెంటు సంచుల మీద నేర్చుకున్నాను, అరబీ బోర్డుల మీద. రొట్టెలు చుట్టి ఇచ్చిన పేపర్లను నూనె మరకలు దాటుకుంటూ చదివాను. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఎవరి ముందూ తల వంచే అలవాటు రాలేదు. కానీ సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది: సగం చదివి మొత్తం తెలిసిందనుకోవడం. ఆ జబ్బు వల్లనే నేను ఒక ఇంటికి అన్యాయం చేశాను. అది చెప్పే ముందు ఒక పాత సంగతి చెప్పాలి.

నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు నేను దుబాయ్‌లో సోనాపూర్ కూలీల క్యాంపులో ఉన్నాను. కబురు ఉత్తరంలో వచ్చేసరికి పిల్లకు పంతొమ్మిది రోజులు. ఇరవై ఒకటో రోజున తొట్టెల, పిల్లను ఉయ్యాలలో వేసే పండగ. ఉత్తరం పట్టుకుని ఫోర్‌మన్ దగ్గరికి పరుగెత్తాను. వాడూ మన వైపువాడే.

"అన్నా, బిడ్డ పుట్టింది. ఊరికి పోవాలె."

"నీ పెండ్లాం కన్నదా, నువ్వు కన్నవా?" అన్నాడు. "ఆమెకు లేని తొందర నీకేందిరా? యల్లా, మాలు కలుపు."

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడి మాట కన్నా నా నవ్వు గుర్తొస్తేనే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తొట్టెల నాడు మా అమ్మ నా తువాల ఒకటి తొట్టె కొయ్యకు కట్టిందట, నేనున్నట్టు. ఇరవై నెలల తర్వాత ఇల్లు చేరాను. దుబాయ్‌లో నైఫ్ అనే పాత బజారులో ఏరి కొన్న గులాబీరంగు గౌను బ్యాగులోంచి తీశాను. పిల్ల చెయ్యి మోచేతి దాకా కూడా దూరలేదు. నా మనసులో అది ఇంకా ఉత్తరంలో ఉన్నంతే ఉంది. నా భార్య ఆ గౌనును వేళ్ళతో ఎత్తి చూసి, "బొమ్మకు తెచ్చినవా?" అంది. ఊళ్ళోవాళ్ళ రోజులన్నీ లెక్కపెట్టే ఉద్యోగం తర్వాత నాకే దొరకడం దేవుడి పరాచకం.

2020లో పేపర్లో ఒక వార్త చదివాను. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే తండ్రికి కూడా, బిడ్డ పుడితే, జీతంతో ఐదు పనిదినాల సెలవు ఇస్తూ చట్టం వచ్చింది. తల్లికి ఆమె కాన్పు సెలవు ఉండగా మరో ఐదు, తండ్రికి ఐదు. తర్వాత వచ్చిన కొత్త కార్మిక చట్టంలోనూ అది నిలిచింది. తల్లి కాన్పు సెలవు అరవై రోజులకు పెరిగింది. ఆ వార్తను రెండుసార్లు చదివి, కత్తిరించి, క్యాబిన్ అద్దానికి లోపలి నుంచి అంటించాను. నా అంత సంతోషం ఫ్యాక్టరీలో ఎవరికీ కలగలేదు.

"గిది మనకు గాదే కాకా. టై కట్టుకునెటోళ్ళకు."

"ఐదు దినాలల్ల ఊరికి పోవాలె, పిల్లను సూడాలె, మా అత్తతోని లొల్లి పెట్టుకోవాలె, మళ్ళ రావాలె. ఐతదా?"

"మీ అత్తతోని లొల్లికే ఐదు దినాలు సాలయి తియ్."

వాళ్ళు నవ్వుకుంటూ బస్సెక్కారు. ఎండకు కాగితం పచ్చబడింది. దాన్ని చూపించి సెలవు అడిగినవాడు రెండేళ్ళలో ఒక్కడూ లేడు. వాళ్ళను పూర్తిగా తప్పుపట్టను. మా క్యాంపుల్లో సెలవుకు ఒక నీతి ఉంది: విరగ్గొట్టరాదు. ఒంట్లో బాగున్నా లేకున్నా ఓర్చుకుని, రెండేళ్ళ సెలవును మూటగట్టి, ఒకేసారి ఊరికి తీసుకుపోవాలి. మధ్యలో రెండు రోజులు వాడుకున్నవాడిని చేతకానివాడిగా చూస్తారు. ఆ నీతి నా నెత్తురులోనూ ఉంది.

2022 చివర్లో మా ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పనిచేసే ఒకడికి ఆడపిల్ల పుట్టింది. నిజామాబాద్ వైపువాడు, ముప్పై దాటినవాడు. వాడి భార్య నైఫ్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుకు సహాయంగా పనిచేస్తుంది. క్లినిక్‌కు ఐదు నిమిషాల నడక దూరంలో, ప్లైవుడ్ అడ్డుపెట్టి నాలుగు గదులు చేసిన ఫ్లాట్‌లో ఒక గది వాళ్ళది. వాడు రోజూ మెట్రోలో ఇంత దూరం వచ్చిపోతాడు. ఆదివారం బిడ్డ పుడితే, సోమవారం పొద్దున మిఠాయి డబ్బాతో నా క్యాబిన్ ముందు నిలబడ్డాడు.

"కాకా, బిడ్డ పుట్టింది. ఆ అద్దం మీది ఐదు దినాలు పెట్టుకోమంటవా?"

"తల్లీబిడ్డ మంచిగున్నరా?"

"మంచిగున్నరు."

"మరెందుకు ఇప్పుడే కరాబ్ చేసుకుంటవు? ఆమెకు రెండు నెలలు సుట్టి ఉన్నది. నీది జమ పెట్టు. వచ్చే ఏడు ఊరికి పోయినప్పుడు కలుపుకో."

అంత ధీమాగా చెప్పాను. వాడు తలూపి మిషన్ దగ్గరికి పోయాడు. నేను వాడి పేరు ఎదురుగా నల్ల సిరాతో పి పెట్టి, మిఠాయి నోట్లో వేసుకున్నాను.

ఏడు వారాలు గడిచాయి. ఒక శనివారం సాయంత్రం వాడు మెట్రో వైపు పోకుండా క్యాబిన్ దగ్గర ఆగాడు.

"పిల్లను ఊరికి తోలుతున్నం కాకా."

"ఎవరితోని?"

"మా పక్క అర్రల ఉండే అక్క కరీంనగర్ పోతుంది. ఆమె ఎత్తుకపోయి మా అత్తకు అప్పజెప్తది."

సంగతి ఏమిటంటే, వాడి అత్తగారు ఇక్కడికి రావాలి. కూతురి కాన్పు సెలవు అయిపోయేలోగా వచ్చి పిల్లను పట్టుకోవాలి. టికెట్ చూసుకునే వేళకు పాస్‌పోర్టులో చిక్కు బయటపడింది. మన వైపు ఆడవాళ్ళకు ఎంతమందికో ఉన్నట్టే, ఆమె పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంది. ఇంటిపేరు చోటు ఖాళీ. అలా ఒక్క పేరుతో ఉన్నవాళ్ళకు విజిట్ వీసా చెల్లదని అప్పుడే నియమం వచ్చింది. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చి ఆమె విమానమెక్కేసరికి, కూతురి సెలవు అయిపోయాక ఇంకో రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు పిల్లను చూసే దిక్కు లేదు. అందుకని పిల్లనే పంపడం.

"మళ్ళ అత్తతోని వస్తది గదా," అన్నాడు, నాకు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు.

నేను అలా 'మళ్ళీ వస్తుంది' అని పంపిన పిల్లలను చూశాను. పిల్ల అక్కడికి చేరాక, ఎండాకాలం పోనీ అంటారు. పళ్ళు రానీ అంటారు. అక్కడ అలవాటు పడింది కదా, బడిలో వేసేదాకా ఉండనీ అంటారు. అమ్మమ్మ కూడా ఇక ఇటు రాదు. ఎందుకొస్తుంది, పిల్ల అక్కడే ఉంటే? రెండు వారాల గండానికి ఐదేళ్ళు పోతాయి.

మర్నాడు ఆదివారం. పోయే పిల్లను ఒకసారి చూసొద్దామని శొంఠి, బెల్లం కట్టించుకుని నైఫ్ పోయాను. గదిలో మంచం, మంచం మీద పిల్ల, పక్కన తెరిచిన బ్యాగు. తల్లి చిన్న చిన్న బట్టలు మడిచి అందులో పెడుతోంది. నన్ను చూసి లేచి చెంగు సర్దుకుంది.

"రా కాకా, కూసో. మొగనికి సుట్టి జమ చేసుకొమ్మని చెప్పింది నువ్వేనా?"

వాడు కిటికీ వైపు తిరిగాడు.

"నేనే బిడ్డా. ఊరికి పోయినప్పుడు..."

"సుట్టి ఏమన్న ఎండుశాపనా కాకా, ఉప్పేసి దాసుకోనీకి? కుట్లు మానకముందే పిల్లను సంకలేసుకొని బాత్రూమ్ కాడ లైన్ల నిలవడ్డ. ఆ పొద్దు అక్కరకొచ్చేది ఐదు దినాలు. వచ్చే ఏడు నాకెందుకు?"

నేను శొంఠి, బెల్లం పొట్లం కింద పెట్టాను.

"పెద్ద సదువుకున్నోనివి అంటరు నిన్ను. మొత్తం సదివినవా ఆ కాగితం?"

రోషం వచ్చింది. చదివానో లేదో అక్కడే చూపిద్దామని ఫోన్లో చట్టం తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచీ చదివాను. ఐదు పనిదినాలు. సరే. వరసగా గానీ, విడివిడిగా గానీ. ఇది నేను ఎరగను. బిడ్డ పుట్టిన నాటి నుంచి ఆరు నెలల్లోపు. ఇదీ ఎరగను. వచ్చే ఏడుకు జమ పెట్టమన్నానే, అప్పటికి అవి మురిగిపోయి ఉండేవి. నేను అద్దానికి అంటించిన ముక్కలో ఈ రెండు మాటలూ లేవు. నా కత్తెర వాటికి పైనే ఆగింది.

"తప్పు నాదే బిడ్డా."

"తప్పని ఒప్పుకుంటే నా కుట్లు ముందుగాల్నే మానుతయా?" అంది. తర్వాత కొంచెం మెత్తబడి, "సరే తియ్. చాయ్ తాగు" అంది.

చాయ్ చల్లారిపోయింది. ఎందుకంటే నా బుర్రలో గడులు తిరగడం మొదలైంది. ఇరవై ఏళ్ళ అలవాటు, నన్ను ఎక్కడ కూర్చోబెట్టినా వారాలు గడులుగా కనిపిస్తాయి. జేబులో మడిచి ఉన్న పాత హాజరు కాగితం తీసి, వెనక్కి తిప్పి, పద్నాలుగు గడులు గీశాను.

"మీ క్లినిక్‌ల నీ వారం సెలవు ఎప్పుడు?"

"శుక్రవారం."

"నీది ఆదివారం," అన్నాను వాడితో. "నీ కాన్పు సెలవు ఎప్పుడు ఒడుస్తది బిడ్డా?"

"పై ఆదివారం."

రెండు శుక్రవారాలు కొట్టేశాను, ఆ రోజు తల్లి ఇంట్లో ఉంటుంది. రెండు ఆదివారాలు కొట్టేశాను, ఆ రోజు తండ్రి ఉంటాడు. పద్నాలుగులో నాలుగు పోతే పది. ఆమెవి ఐదు, వాడివి ఐదు. విడివిడిగా తీసుకోవచ్చని చట్టమే అంటోంది. ఒక రోజు వాడు, ఒక రోజు ఆమె. పిల్ల ఒక్క పూట కూడా పరాయి చేతిలో ఉండనక్కర్లేదు. పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా పనివేళల్లో రోజుకో గంట కూడా చట్టంలో ఉంది. క్లినిక్ నుంచి ఇల్లు ఐదు నిమిషాలు.

ఆమె కాగితం లాక్కుని వేలుపెట్టి ఒక్కో గడీ లెక్కపెట్టింది. రెండుసార్లు. బ్యాగు జిప్పు మీద ఉన్న చెయ్యి తీసేసింది.

వాడు మాత్రం మెడ గోక్కున్నాడు. "పది దినాలూ ఆమెకే ఇస్తే అయితదా కాకా? నావి కూడా ఆమెకు రాసిస్త."

"రాసియ్యరాదు. నీ ఐదు నీవే. నువ్వు తీసుకుంటే ఉంటయి, లేకుంటే పోతయి."

"గదేం చట్టం?"

"మంచి చట్టం."

ఆ మాట నేను ఇప్పటికీ అంటాను. ఒకరి సెలవు ఇంకొకరికి బదిలీ చేసే వీలుంటే, ప్రతి ఇంట్లోనూ మగవాడు దాన్ని మర్యాదగా భార్య వైపు జరుపుతాడు, ఇష్టం లేని కూరను పళ్ళెం అంచుకు జరిపినట్టు. నువ్వైతే బాగా చూస్తావు, నీకైతే పాలున్నాయి అంటాడు. ఆమె ఇంటికి అంటుకుపోతుంది, వాడు మిషన్‌కు అంటుకుపోతాడు. పంచుకోవడమంటే ఆమెకు ఉదారంగా ఇచ్చేయడం కాదు, తన వాటా తను మోయడం. చట్టం రాసినవాళ్ళెవరో గానీ మగవాళ్ళను బాగా ఎరిగినవాళ్ళు. ఐదు రోజులే రాయడం పిసినారితనం, నెల రాయాల్సింది. మేనేజర్ని ఇక్కడ ముదీర్ అంటారు; ఆ మాట ఏ ముదీర్ ముందైనా అంటాను. కానీ ఆ ఐదింటి మీద తండ్రి పేరు చెక్కి పెట్టారు చూడండి, అది సరైన పని.

క్లినిక్‌లో ఆమె అడిగితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. తల్లి కదా, సంతకం పెట్టి ఇచ్చారు. మా ఫ్యాక్టరీలో మర్నాడే, సోమవారం పొద్దున వాడి అర్జీ నేనే తీసుకుని సెలవులు చూసే ఆఫీసు కుర్రవాడి దగ్గరికి పోయాను. గుంటూరు వైపువాడు, మర్యాద తెలిసినవాడు.

"చట్టం ఉందండీ బాబాయ్ గారూ, కాదనట్లేదు. సిస్టమ్‌లో దానికి కోడ్ లేదు. కోడ్ లేకపోతే నన్నేం నొక్కమంటారు?"

"పెట్టించు."

"దానికి పైన ముదీర్ ఒప్పుకోవాలి కదండీ. అయినా పాపకి రెండు నెలలు వచ్చేశాయి, ఇప్పుడేంటండీ? పోనీ ఓ పని చేద్దాం. ఈ ఐదూ అతని వార్షిక సెలవులోంచి తీసేద్దాం. వి కొట్టేస్తాను. ఎవరికీ గొడవ ఉండదు."

"నాకు గొడవ ఉన్నది," అన్నాను. "బిడ్డ కోసం ఉన్న సెలవును ఊరి సెలవు అని రాస్తే అది అబద్ధం. ఎర్రసిరాతోని ఇన్నేండ్లు అబద్ధాలే రాసిన. ఇంక రాయను."

కుర్రవాడు అర్జీ చేతిలోకి తీసుకుని లేచాడు. ఇద్దరం ముదీర్ గదిలోకి పోయాం. ఆయన అరబ్బు. మాతో పనికి సరిపడా హిందీ మాట్లాడతాడు. అర్జీ చూసి నా వైపు చూశాడు.

"బచ్చా దో మహీనే కా హై. అబ్ బాప్ క్యా కరేగా? దూద్ పిలాయేగా?"

రెండు నెలల బిడ్డకు తండ్రి ఏం చేస్తాడు, పాలిస్తాడా అని. మళ్ళీ అదే. ముప్పై ఏళ్ళ కింద ఫోర్‌మన్ అన్నదే, భాష మారి వచ్చింది. ఈసారి నేను నవ్వలేదు. అరబీలో అచ్చు తీసి తెచ్చిన చట్టం కాగితం విప్పి, నిలబడి చదవడం మొదలుపెట్టాను. నాది బోర్డుల మీద నేర్చిన అరబీ. దుకాణం పేర్లు చదువుతాను గానీ, చట్టం వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. రెండో వరసలోనే తడబడ్డాను. మూడో వరసలో ముదీర్ మొహం పంటినొప్పి వచ్చినవాడిలా అయింది. ఓపిక పట్టలేక చెయ్యి చాచి కాగితం లాక్కుని తనే చదవడం మొదలుపెట్టాడు, గట్టిగా, వార్తలు చదివేవాడిలా. తండ్రి అన్నాడు, ఐదు రోజులన్నాడు, విడివిడిగా అన్నాడు, ఆరు నెలలన్నాడు. చివరి మాట దాకా వచ్చి ఆగాడు. తన గొంతుతో తనే చదివాడు కాబట్టి ఇక ఎవరిని కాదంటాడు?

కాగితం బల్లమీద పెట్టి గుంటూరు కుర్రవాడి వైపు తిరిగాడు. "యే సిస్టమ్ మే క్యోఁ నహీఁ హై?"

ఇది సిస్టమ్‌లో ఎందుకు లేదని. కుర్రవాడు ఏసీ వైపు చూశాడు.

"బనావ్. ఖలాస్." పెట్టు, అంతే అన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను బయటికి వస్తుంటే వెనక నుంచి పిలిచి, అరబీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. బోర్డుల మీద అన్నాను. "మాలూమ్ హోతా హై," తెలుస్తూనే ఉంది అన్నాడు. పోనీ, అంటే అన్నాడు. సంతకం పెట్టాడు కదా.

ఇక్కడొక మాట. ఇంతకుముందు మంచి ముదీర్లు లేరని కాదు. ఒకాయన తన కారులో ఒకడిని ఆసుపత్రికి దింపాడు కూడా. కానీ ఆయన దయ ఆయన బదిలీతో పోయింది. దయ అయితే చేతులు కట్టుకుని నిలబడాలి. చట్టం అయితే కాగితం నింపి ఇవ్వాలి. నాకు కాగితం నింపడమే ఇష్టం.

పై సోమవారం, మొదటి రోజు, తండ్రిది. రెండు నెలల సెలవు తర్వాత పనిలో చేరేది కాబట్టి క్లినిక్‌లో ఆమెను ఆ రోజు తప్పక రమ్మన్నారు. పొద్దున పది గంటలకు నా ఫోన్ మోగింది. వెనక నుంచి కంచు పగిలినట్టు ఏడుపు.

"కాకా! పొద్దుగాల తల్లి పాలు తాగింది. తీసి పెట్టినయి గూడ తాగింది. బట్ట మార్చిన. అయినా ఆగుత లేదు. ఏం జెయ్యాలె?"

నేను ముగ్గురు పిల్లల తండ్రిని. అయినా ఏడ్చే పిల్లను ఏం చేస్తారో నాకు తెలియదు. చట్టం తెలుసు, గడులు తెలుసు, అది తెలియదు. ముదీర్ ముందు రాని చెమట అప్పుడు పట్టింది.

"ఆగు," అని, క్యాబిన్‌లో ఉన్న కంపెనీ ఫోన్ నుంచి ఇంటికి చేశాను. నా భార్య ఎత్తింది.

"రెండు నెలల పిల్ల ఏడుస్తుంది. పాలు తాగింది, బట్ట మార్చిన్రు. ఏం జెయ్యాలె?"

"ఎవల పిల్ల?"

"మా ఫ్యాక్టరీల పిలగానిది. చెప్పరాదూ జల్ది."

"ముప్పై ఏండ్లకు అడుగుతున్నవా? నా పిల్లలేడ్సినప్పుడు ఏడున్నవయ్యా?"

"దుబాయ్‌ల ఉన్న."

"అబ్బో, నాకెర్కలేకుండె," అంది. నవ్వింది. ఆ నవ్వులో కోపం ఎంతో నేను లెక్కపెట్టలేదు. "భుజం మీదేసుకొమ్మను. మెడ పట్టుకొమ్మను, జారనియ్యద్దు. వీపు కిందికెల్లి మీదికి రాయమను. తేన్పు రావాలె."

ఒక చెవికి ఒక ఫోను, ఇంకో చెవికి ఇంకోటి. ఈమె చెప్పింది వాడికి, వాడు అన్నది ఈమెకు. గేటు దగ్గర అల్యూమినియం లారీ వచ్చి హారన్ కొడుతోంది. ఆగరా అని చెయ్యి చూపించాను. కాసేపటికి ఏడుపు తెగింది, వాడు అరిచాడు.

"అచ్చింది కాకా! అచ్చింది!"

"వచ్చిందట," అన్నాను నా భార్యతో.

"ఇన్న తియ్. బనీను మీద గిట్ల కక్కిందా అడుగు."

"కక్కింది."

"కక్కనియ్. అలవాటు గావాలె," అని పెట్టేసింది. లారీ డ్రైవర్ పఠాన్, కిటికీలోంచి నన్నే చూస్తూ, ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడిగాడు. క్షేమమే, గ్యాస్ అన్నాను.

మధ్యాహ్నం తల్లి తన గంటలో ఇంటికొచ్చేసరికి, వాడు భుజం మీద తువాల వేసుకుని, పిల్లను దాని మీద వేసుకుని, ఆ ఇరుకు గదిలో తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకు నడుస్తున్నాడట. నన్ను చూసి ష్ అన్నాడు కాకా, నా పిల్లను సూడనీకి నాకే ష్ అన్నాడు అని ఆమె తర్వాత చెప్పింది.

మంగళవారం వాడు పనికి వచ్చినప్పుడు కోత మిషన్ దగ్గర పండగ చేశారు.

"ఏం బై, పాలిచ్చినవా నిన్న?"

"ఇచ్చిన. నీకు గావాల్నా?"

"లంగోటీలు గూడ పిండినవా?"

"పిండిన. నీ పిల్లగాని లంగోటి ఎన్నడన్న సూసినవా నువ్వు?"

ఆ చివరి మాటకు అడిగినవాడు నవ్వలేదు. వాడి కొడుకుకు ఏడేళ్ళు. మొత్తం కలిపి ఆ కొడుకుతో ఉన్నది ఎన్ని రోజులో నేను కాగితాలు తీసి చెప్పగలను. చెప్పలేదు.

వాడి రెండో రోజున రెండు ఫోన్లు వచ్చాయి. మూడో రోజున ఒకటి, అదీ పిల్ల నవ్వుతోందని చెప్పడానికి. నాలుగో రోజున రాలేదు. ఐదో రోజున పది గంటలకు ఫోన్ బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. పదిన్నర. పదకొండు. ఇంక నాతో పని లేదని అర్థమై, లారీల చిట్టా ముందుకు లాక్కున్నాను.

రెండో ఆదివారం అత్తగారు దిగారు, రెండు పేర్ల కొత్త పాస్‌పోర్టుతో. సాయంత్రం చూడ్డానికి పోయాను. పక్క గది ఆమె వారం కిందటే కరీంనగర్ వెళ్ళిపోయింది, తన సామాన్లు మాత్రమే పట్టుకుని. ఆ రోజు మంచం మీద తెరిచి ఉన్న బ్యాగు ఇప్పుడు ఖాళీగా మడిచి మంచం కింద ఉంది. పిల్ల బట్టలు అల్మారా మీద ఉన్నాయి. అత్తగారు మనవరాలిని ఎత్తుకోగానే పిల్ల బిగ్గరగా అందుకుంది. అటు ఊపారు, ఇటు ఊపారు. తండ్రి లేచి, ఏమీ అనకుండా తువాల భుజాన వేసుకుని, పిల్లను తీసుకున్నాడు. మెడ పట్టుకున్నాడు. రెండు అడుగులు వేశాడు. ఏడుపు ఆగింది.

"గిదేం పిల్లనే!" అన్నారు అత్తగారు, మొహం మాడ్చుకుని. "పాస్‌పోర్టు మార్చుకొని, సముద్రం దాటి నేనొస్తే, అయ్య సంకకు మరిగిందేందే?"

"రెండు దినాలు ఓపిక పట్టు అత్తా," అన్నాడు వాడు. "నాకు గూడ ఫస్టు రాలె. నేర్పిస్త తియ్."

కూతురు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను వాడి భుజం మీది తువాల చూస్తూ కూర్చున్నాను. ఈసారి ఎవరూ దాన్ని తొట్టె కొయ్యకు కట్టనక్కర్లేదు.

సోమవారం పొద్దున వాడికి పి పెట్టాను. పట్టీలో వెనక్కి చూస్తే, రెండు వారాల మీద అక్కడొకటి అక్కడొకటి ఐదు గడుల్లో కొత్త అక్షరాలు, గుంటూరు కుర్రవాడు పెట్టించిన కోడ్. నల్ల సిరాతోనే రాశాను. పాత పట్టీల్లోని ఎర్ర ఏలను దిద్దే వీలు నాకు లేదు. ఆ మాట ఎన్ని రోజులైనా నన్ను పొడుస్తుంది, పొడవనీ.

అద్దం మీది పచ్చబడ్డ ముక్క పీకేసి, చట్టం మొత్తం అచ్చు తీసి, చివరి వాక్యం దాకా కనపడేట్టు అంటించాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఒకడు వచ్చి దాని ముందు నిలబడ్డాడు. ఆ మంగళవారం నవ్వలేకపోయినవాడే, ఏడేళ్ళ కొడుకు ఉన్నవాడు. భార్యకు మళ్ళీ ఏడో నెలట, ఊళ్ళో ఉంది.

"కాకా, ఆరు నెలలలోపల అంటే... పిల్ల ఊర్ల పుట్టినా నడుస్తదా?"

"ఎక్కడ పుడితేంది, అయ్యవు నువ్వే గదా," అన్నాను. "లోపలికి రా, కూసో. కాన్పు ఎప్పుడన్నరో ముందుగాల ఇంట్ల అడుగు, ఇరవై ఒకటో దినం తొట్టెల ఏ వారం పడుతదో లెక్క పెట్టుకుందాం."

పాత హాజరు కాగితం ఒకటి తీసి, వెనక్కి తిప్పి, గడులు గీయడం మొదలుపెట్టాను.